ట్యులిప్ పెంపకం: పూవు కంటె దుంప ముఖ్యం

కాశ్మీరు లోయలో వసంతానికి తొలి సూచన బాదం పూత. ఆ పూలు రాలే వేళకు శ్రీనగర్ నగరం చెంత, జబర్వాన్ పర్వత పాదాల వద్ద, డాల్ సరస్సుకు ఎదురుగా మరొక పుష్పోత్సవం మొదలవుతుంది. అక్కడి ఇందిరాగాంధీ స్మారక ట్యులిప్ ఉద్యానం 2007లో ఏర్పాటైనది. ఇంచుమించు 30 హెక్టార్ల విస్తీర్ణం గల ఈ తోట పర్వత సానువు మీద అంచెలంచెలుగా అమరి ఉన్నది. 2023లో 68 రకాలకు చెందిన 15 లక్షల ట్యులిప్‌లతో ఇది ఆసియాలోనే అతి పెద్ద ట్యులిప్ ఉద్యానంగా వరల్డ్ బుక్ ఆఫ్ రికార్డ్స్‌లో నమోదైనది. దేశం నలుమూలల నుంచి వచ్చే యాత్రికులలో తెలుగువారూ ఉంటారు. 1981లో విడుదలైన 'సిల్‌సిలా' హిందీ చిత్రంలో హాలండు దేశపు ట్యులిప్ తోటలను చూచి ఆనందించిన భారతీయులకు అటువంటి దృశ్యం ఇప్పుడు స్వదేశంలోనే లభిస్తున్నది.

అయితే ఈ వైభవం మూడు నాలుగు వారాల ముచ్చట మాత్రమే. సందర్శకుడు చూచేది ఆ నాలుగు వారాలనే. తోటమాలి శ్రమ మిగిలిన నలభై ఎనిమిది వారాలది. పూవు లేని ఆ కాలంలో నేల అడుగున దుంపకు ఏమి జరుగుతున్నదో తెలిసినవారికే ట్యులిప్ పెంపకం పట్టుబడుతుంది. మన దేశంలో ఈ పుష్పానికి భవిష్యత్తు ఉన్నదా, లేదా అన్న ప్రశ్నకు సమాధానం కూడా ఆ దుంపలోనే ఉన్నది.

పుట్టిల్లు, ప్రయాణాలు

ట్యులిప్ అనగానే హాలండు స్ఫురించడం సహజం. కాని అది దాని మెట్టినిల్లు మాత్రమే. మధ్య ఆసియాలోని తియాన్‌షాన్, పామీరు పర్వత ప్రాంతాలు దాని పుట్టిల్లు. అక్కడ శీతకాలమంతా మంచు. వసంతంలో కొద్దిపాటి తడి. వేసవిలో ఎండ, పొడినేల. ఈ మూడు ఋతువులకు అలవాటు పడిన మొక్క ఎక్కడికి వెళ్ళినా ఆ మూడింటినే కోరుకుంటుంది. పారశీక భాషలో దీనిని లాలె అంటారు. ట్యులిప్ అన్న పేరు తలపాగా అనే అర్థం గల పారశీక, తుర్కీ పదం నుంచి వచ్చినదని భాషావేత్తలు చెబుతారు.

తుర్కీ ఉద్యానాల నుంచి 16వ శతాబ్దంలో ఈ దుంపలు ఐరోపాకు చేరినవి. కరోలస్ క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1593లో హాలండులోని లైడెన్ విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడి తోటలో వీటిని నాటించాడు. ఆ తరువాత ఒక తరం గడిచేసరికి దుంపల వ్యాపారం జూదంగా మారి, 1637 ఫిబ్రవరిలో ధరలు ఒక్కసారిగా కుప్పకూలడం ఆర్థిక చరిత్రలో ప్రసిద్ధమైన ఘట్టం.

భారత భూభాగానికి ట్యులిప్ కొత్తదేమీ కాదు. పశ్చిమ హిమాలయ సానువులలో ఎరుపు, తెలుపు చారలు గల చిన్న ట్యులిప్ జాతి సహజంగానే పెరుగుతున్నది. కాబూలు పరిసరాలలోని కొండల మీద ముప్పైకి పైగా ట్యులిప్ రకాలను లెక్కించినట్లు బాబరు తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. కాశ్మీరులో పూర్వం ఇళ్ళ పైకప్పులకు భూర్జపత్రాలు పరచి, వాటి మీద మట్టి కప్పేవారు. ఆ మట్టిలో ట్యులిప్ దుంపలు నాటే ఆచారం ఉండేదని జహంగీరు చక్రవర్తి తన స్మృతులలో పేర్కొన్నాడు. ఆయన ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ చిత్రించిన ఎర్రని ట్యులిప్ మొఘలు చిత్రకళలోని మేలి రచనలలో ఒకటి. పైకప్పు మీది పలుచని మట్టి శీతకాలంలో గడ్డకట్టేది, వేసవిలో ఎండి బీటలు వారేది. మధ్య ఆసియా కొండల స్వభావమే ఆ కప్పుల మీద చిన్న రూపంలో నెలకొన్నందున అక్కడ ట్యులిప్ ఏటేటా మొలచి పూచేది.

దుంపలో దాగిన పూవు

ట్యులిప్ దుంపను వృక్షశాస్త్ర పరిభాషలో లశునం అంటారు. అడ్డంగా కోసి చూస్తే ఉల్లిగడ్డలో వలెనే పొరలు కనిపిస్తాయి. అవి ఆహారాన్ని నిల్వ చేసుకొన్న పత్రాలు. అడుగున గట్టి పళ్ళెం వంటి పొట్టి కాండం, దాని నుంచి వేళ్ళు, నడుమ మొగ్గ, అన్నింటినీ కప్పుతూ గోధుమ రంగు పలుచని పొర - ఇదీ దాని నిర్మాణం.

చాలామంది గ్రహించని విషయాలు రెండు ఉన్నవి. మొదటిది, ఏప్రిల్‌లో విచ్చే పూవు ఏప్రిల్‌లో పుట్టినది కాదు. గడచిన వేసవిలో, ఆకులు ఎండి మొక్క చనిపోయినట్లు కనిపించే రోజులలో, దుంప లోపల మరుసటి సంవత్సరపు పూవు రూపుదిద్దుకుంటుంది. ఆరు దళాలు, ఆరు కేసరాలు, మూడు అరల అండాశయం సూక్ష్మ రూపంలో అప్పుడే ఏర్పడతాయి. దీనికి 17 నుంచి 20 డిగ్రీల సెంటీగ్రేడు వరకు గల ఉష్ణోగ్రత అనుకూలం.

రెండవది, ఒకసారి పూచిన దుంప మళ్ళీ పూయదు. తనలోని ఆహారమంతా పూవుకు, ఆకులకు అర్పించి తల్లిదుంప క్షీణించిపోతుంది. దాని పొరల మొదళ్ళలో పిల్లదుంపలు ఊరతాయి. వాటిలో పెద్దది మరుసటి ఏడు పూస్తుంది. చిన్నవి ఒకే ఒక వెడల్పాటి ఆకు వేసి, ఒకటి రెండేళ్ళు బలం పుంజుకొన్న తరువాతనే పూతకు వస్తాయి. కనుక తోటమాలి కాపాడవలసినది నాటిన దుంపను కాదు, దాని సంతానాన్ని. విత్తనం ద్వారా కూడా ట్యులిప్‌ను పెంచవచ్చును గాని పూతకు అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. కొత్త రకాలు సృష్టించే శాస్త్రజ్ఞులు తప్ప ఇతరులు ఆ మార్గం తొక్కరు.

చలి చేసే పని

లోపల పూవు ఏర్పడినంత మాత్రాన అది బయటికి రాదు. దానికి చలి కావాలి. దుంప 12 నుంచి 16 వారాల పాటు, సుమారు 2 నుంచి 9 డిగ్రీల మధ్య ఉండాలి. ఆ చలిలో దుంపలోని పిండిపదార్థం క్రమంగా చక్కెరలుగా మారుతుంది. కాడ సాగడానికి అవసరమైన హార్మోనుల మార్పులూ జరుగుతాయి. చలి చాలని దుంప మొలకెత్తినా కాడ పొడవు పెరగదు. మొగ్గ ఆకుల నడుమనే నిలిచి ఎండిపోతుంది.

ఇక్కడ ఒక అపోహ తొలగవలసి ఉన్నది. చలి తీవ్రత కంటె చలి కాలం ముఖ్యం. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో శీతకాలపు కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. పొగమంచు చూడడానికి యాత్రికులు తండోపతండాలుగా వెళతారు. కాని పగటి ఎండకు నేల మళ్ళీ వేడెక్కుతుంది. దుంప కోరేది వణికించే రాత్రులను కాదు, నెలల తరబడి మారని చల్లదనాన్ని. సముద్రమట్టానికి సుమారు 1,585 మీటర్ల ఎత్తున ఉన్న శ్రీనగర్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేల ఆ చల్లదనాన్ని సహజంగానే అందిస్తుంది.

నేల, నాటే విధానం

నీరు నిలువని ఇసుక గరప నేల ట్యులిప్‌కు శ్రేష్ఠం. ఉదజని సూచిక 6 నుంచి 7 వరకు ఉంటే మంచిది. తడి నిలిచే నల్లరేగడిలో దుంపలు కుళ్ళిపోతాయి. అటువంటి చోట ఇసుక, బాగా చివికిన ఆకు ఎరువు కలిపి ఎత్తు మళ్ళు కట్టుకోవాలి. పచ్చి పేడ ఎరువు వేయడం హానికరం.

దుంపను ఎన్నుకోవడంలో చుట్టుకొలతే గీటురాయి. 10 నుంచి 12 సెంటీమీటర్లు, అంతకు మించిన చుట్టుకొలత గలవి తప్పక పూస్తాయి. చేతిలోకి తీసుకొన్నప్పుడు బరువుగా, గట్టిగా ఉండాలి. మెత్తబడినవి, బూజు పట్టినవి, పులిసిన వాసన వచ్చేవి ఏరివేయాలి. గోధుమ రంగు పొర కొద్దిగా చిట్లి ఉన్నంత మాత్రాన దోషం లేదు.

కాశ్మీరు వంటి చల్లని సీమలలో అక్టోబరు, నవంబరు నెలలు నాటడానికి అనువైనవి. నేల వేడి తగ్గిన పిమ్మటనే నాటాలి; తొందరపడితే శిలీంధ్రాల బెడద ఎక్కువవుతుంది. దుంప ఎత్తుకు మూడు రెట్ల లోతున, అనగా 12 నుంచి 15 సెంటీమీటర్ల అడుగున, మొన పైకి ఉండేటట్లు పెట్టి మట్టి కప్పాలి. దుంపకూ దుంపకూ నడుమ 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడం చాలు. దుంపలలోని ఒక పదార్థం కొందరి వ్రేళ్ళకు దురద, పగుళ్ళు కలిగిస్తుంది. రోజంతా నాటే కూలీలు చేతి తొడుగులు ధరించడం అవసరం.

నాటగానే ఒకసారి బాగా నీరు పెట్టాలి. ఆ తడితో వేళ్ళు దిగుతాయి. ఆ తరువాత మంచు, వాన ఉన్న చోట నీటి అవసరం ఉండదు. వసంతంలో మొలకలు పైకి వచ్చినప్పటి నుంచి పూలు వాడే దాకా నేల ఆరకుండా, అలాగని బురద కాకుండా తడపాలి. మొలకలు కనిపించిన వేళ కొద్దిగా నత్రజని ఎరువు ఇస్తే ఆకు బలంగా వస్తుంది. దుంప ఊరడానికి పొటాష్ తోడ్పడుతుంది.

ట్యులిప్ పూలు పగటి వెచ్చదనానికి విచ్చుకొని, సాయంకాలపు చల్లదనానికి ముడుచుకుంటాయి. మార్చి, ఏప్రిల్ నెలలలో ఎండ ఒక్కసారిగా ముదిరితే పూత కాలం కుదించుకుపోతుంది. అందుకే పెద్ద ఉద్యానాలలో ముందుగా పూచేవి, మధ్యకాలంలో పూచేవి, ఆలస్యంగా పూచేవి అని మూడు తరగతుల రకాలను కలిపి నాటుతారు. ఒక వరుస వాడుతుండగా మరొక వరుస విచ్చుకుంటుంది. పూలసజ్జలో అమర్చడానికైతే మొగ్గకు రంగు వచ్చి ఇంకా ముడుచుకొని ఉన్నప్పుడే ఉదయం వేళ కోయాలి. కోసిన తరువాత కూడా ట్యులిప్ కాడ నీటిలో పెరుగుతూనే ఉంటుంది, వెలుతురు వైపు వంగుతుంది.

తెగుళ్ళు, జాగ్రత్తలు

ఆకుల మీద, దళాల మీద నిప్పురవ్వలు పడినట్లు మచ్చలు వస్తే అది బోట్రైటిస్ శిలీంధ్రం పని. తేమ ఎక్కువైన రోజులలో ఇది మడి అంతా వ్యాపిస్తుంది. తెగులు సోకిన మొక్కలను వెంటనే పెరికి కాల్చివేయాలి. అదే మడిలో రెండు మూడేళ్ళు ట్యులిప్ నాటరాదు. నిల్వలో దుంపలను కుళ్ళబెట్టేది ఫ్యుసేరియం శిలీంధ్రం. కుళ్ళిన దుంప నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు పక్కనున్న మంచి దుంపలలోని మొగ్గలను కూడా మాడ్చివేస్తుంది. బుట్టలో ఒకటి చెడితే పదింటికి చేటు అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

వైరస్ కథ మరింత విచిత్రమైనది. ఒకప్పుడు హాలండులో అత్యధిక ధర పలికినవి చారల ట్యులిప్‌లు. ఒకే రంగు పూవు ఉన్నట్లుండి జ్వాలల వంటి చారలతో పూచేది. దానికి కారణం ఒక వైరస్ వ్యాధి అనీ, దానిని మొక్క నుంచి మొక్కకు మోసేది పేనుబంక అనీ 1920లలో గాని రుజువు కాలేదు. జనం వెలకట్టిన అందం నిజానికి జబ్బు లక్షణం. ఆ దుంపలు ఏటేటా నీరసించి, సంతానం తగ్గి, చివరికి అంతరించేవి. ఇప్పుడు మార్కెట్టులో దొరికే చారల రకాలు చాలావరకు సంకరణం ద్వారా సాధించినవి. వాటికి ఈ వ్యాధితో సంబంధం లేదు.

పూవు వాడిన పిమ్మట

అసలైన సేద్యం ఇక్కడ మొదలవుతుంది. దళాలు రాలగానే కాయను మాత్రం తుంచివేయాలి. లేకుంటే ఆహారం విత్తనాలకు మళ్ళుతుంది. కాడను, ఆకులను తాకరాదు. ఆకులు పచ్చగా ఉన్న ఆ అయిదారు వారాలలోనే కిరణజన్య సంయోగక్రియ ద్వారా పిల్లదుంపలకు ఆహారం చేరుతుంది. తోట అందవికారంగా ఉన్నదని పచ్చి ఆకులను కోసివేసేవారు మరుసటి ఏటి పూతను కోసివేసినట్లే.

ఆకులు మూడు వంతులు పసుపు బారిన తరువాత, కాశ్మీరులో ఇంచుమించు జూన్ నెలలో, దుంపలను గాయపడకుండా త్రవ్వి తీయాలి. మట్టి దులిపి, నీడలో గాలి తగిలే చోట ఆరబెట్టి, పరిమాణాన్ని బట్టి వేరు చేయాలి. రంధ్రాలు గల తట్టలలో పలుచగా పరచి, పొడిగా, 17 నుంచి 25 డిగ్రీల మధ్య అక్టోబరు దాకా ఉంచాలి. ఈ నిద్రలోనే రాబోయే పూవు రూపుకట్టుకుంటుంది గనుక, నిల్వగది కూడా తోటలో భాగమే.

మైదాన ప్రాంతాలలో

చలికాలం చాలని చోట ట్యులిప్‌ను పూయించడానికి చలిని ముందుగానే అమర్చవలసి ఉంటుంది. ఢిల్లీలోని రహదారుల పక్కన, రాష్ట్రపతి భవన్ ఉద్యానంలో ఫిబ్రవరిలో కనిపించే ట్యులిప్‌లు ఎక్కువగా శీతల గదులలో ఉంచి, నాటడానికి సిద్ధపరచిన విదేశీ దుంపల నుంచి పూచినవి.

హైదరాబాదు వంటి నగరాలలో ఉత్సాహవంతులు కుండీలలో దీనిని ప్రయత్నించవచ్చును. సెప్టెంబరులో సంపాదించిన దుంపలను రంధ్రాలు గల కాగితపు సంచిలో పెట్టి, రిఫ్రిజిరేటర్‌లో కూరగాయల అరలో 12 నుంచి 14 వారాలు ఉంచాలి. మంచు గడ్డకట్టే అరలో పెట్టరాదు. ఆపిల్ వంటి పండ్లను ఆ దరిదాపులకు రానీయరాదు. అవి వెలువరించే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపుతుంది. కాశ్మీరులో పక్కపక్కనే వర్ధిల్లే ఆపిల్, ట్యులిప్ ఒకే అరలో మాత్రం ఇమడవు. ముందే చల్లబరచి అమ్మిన దుంపలైతే అంత కాలం అక్కరలేదు. డిసెంబరు నడుమ వీటిని కుండీలలో నాటి, మొలక వచ్చే దాకా నీడపట్టున, తరువాత ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట ఉంచితే జనవరి చివర, ఫిబ్రవరిలో పూలు రావచ్చును. కాడలు పొట్టిగా ఉంటాయి, పూవు నిలిచేది కొద్ది రోజులే.

ఆ తరువాత ఏమిటి? ఫిబ్రవరి ఎండకు ఆకులు మాడిపోతాయి. పిల్లదుంపలు ఊరేంత వ్యవధి ఉండదు. కనుక మన మైదానాలలో ట్యులిప్ ఒక్కసారి పూచి ముగిసిపోయే అతిథి. మరుసటి ఏటికి మళ్ళీ కొత్త దుంపలు కొనక తప్పదు. నేల సంపెంగ కూడా ఒకప్పుడు మెక్సికో నుంచి వచ్చినదే. అది మన వేడికి ఓర్చుకొని, పిలకలు వేసి, తెలుగు రైతుకు ఆదాయమిచ్చే పంటగా స్థిరపడినది. ట్యులిప్ అలా కాలేదు, కాజాలదు. ఈ తేడాను గుర్తెరిగి పెంచితే నిరాశకు తావుండదు.

దేశీయ దుంప - సాధ్యాసాధ్యాలు

శ్రీనగర్ ఉద్యానం హాలండు నుంచి తెచ్చిన దుంపలతో ఆరంభమైనది. పూలు మన గడ్డ మీద పూస్తున్నా, దుంపల కోసం విదేశాల వైపు చూచే స్థితి పూర్తిగా తొలగలేదు. దిగుమతికయ్యే ద్రవ్యం ఒక భారం. దుంపలతో పాటు తెగుళ్ళు దేశంలో ప్రవేశించే ప్రమాదం మరొకటి. ఇందుకే దిగుమతి అయ్యే మొక్కలకు ఆరోగ్య ధ్రువపత్రం, తనిఖీ విధించారు.

దీనికి పరిష్కారం బంగాళాదుంప చరిత్రలో లభిస్తుంది. మైదానాలలోని రైతులకు కావలసిన ఆరోగ్యకరమైన బంగాళాదుంప విత్తనాన్ని ఒకప్పుడు హిమాలయ సానువులలోనే పండించేవారు. చల్లని ఎత్తైన ప్రదేశాలలో పేనుబంక తక్కువ గనుక వైరస్ వ్యాధులు అంతగా సోకవు. ట్యులిప్‌కు శత్రువూ అదే పేనుబంక. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయ వర్షచ్ఛాయా ప్రాంతం. శీతకాలంలో దట్టమైన మంచు, వేసవిలో పొడిగా చల్లగా ఉండే వాతావరణం - మధ్య ఆసియా పుట్టింటి లక్షణాలన్నీ అక్కడ ఉన్నవి. పాలంపూర్‌లోని హిమాలయ జీవవనరుల సాంకేతిక సంస్థ లాహౌల్‌లో ట్యులిప్ దుంపల ఉత్పత్తిని చేపట్టి, దేశీయంగా పెంచిన దుంపలతో 2022లో పాలంపూర్‌లోనే ఒక ట్యులిప్ తోటను సందర్శకులకు తెరిచినది.

ఇది ఒక ఆరంభం మాత్రమే. పూతకు తగిన పరిమాణం గల దుంప తయారు కావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఆ కాలమంతా మొగ్గలను విచ్చిన కొద్ది రోజులకే తుంచివేసి, బలమంతా దుంపకు చేరేటట్లు చూడాలి. హాలండు పొలాలలో రైతులు చేసేది ఇదే. పూవును త్యాగం చేసే ఈ వ్యవసాయానికి ఓర్పు, నిల్వగదులు, రవాణా సౌకర్యాలు, నమ్మకమైన కొనుగోలు ఏర్పాటు అవసరం. పంటకాలం స్వల్పంగా ఉండే ఎత్తైన లోయలలోని చిన్న రైతులకు బరువు తక్కువ, విలువ ఎక్కువ అయిన ఇటువంటి పంట జీవనాధారం కాగలదు. ఢిల్లీ రహదారుల అవసరాన్ని, హైదరాబాదు మేడల మీది కుండీల అవసరాన్ని లాహౌల్, కాశ్మీరు లోయల రైతులు తీర్చగలిగిన నాడు, దేశంలోని ఒక ప్రాంతపు చలి మరొక ప్రాంతపు ముంగిట పూవై విచ్చుకుంటుంది.

ట్యులిప్ పెంపకం నేర్పే పాఠం సరళమైనది. పూవు ఒక సంవత్సరపు శ్రమకు ఫలితం. దుంప వచ్చే సంవత్సరానికి పెట్టుబడి. పూచినంత సేపు చూచి ఆనందించి, వాడగానే మరచిపోయే చోట ఈ మొక్క నిలువదు. పూలు రాలిన మళ్ళలో పసుపు బారుతున్న ఆకులను ఓపికతో కాపాడే తోటమాలి ఉన్న చోటనే మరుసటి వసంతానికి మొలక లేస్తుంది.